పదకొండో పువ్వు

పూల ఆదివారం ఇంకా నాలుగు రోజులుందనగా ఎవ్లోగి పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పూలు కొనడానికి బయల్దేరాడు. పెళ్ళాం పండక్కి నాలుగు రోజులు ముందే పూలు కొన్న మొగుణ్ణి డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న మా రూసే ఊళ్ళో ఎవరూ కనీ వినీ ఎరగరు. ఎవ్లోగి కూడా ఎరగడు. కానీ కిందటేడు జరిగింది తల్చుకుంటే ఆయనకి ఇప్పటికీ మెడ మీద చెమట పడుతుంది.

ఆ ఆదివారం పూల పేర్లున్న వాళ్ళందరికీ పేరు పండుగ. ఆయన భార్య పేరు ఇగ్లిక. మంచు కరగ్గానే అన్నిటికంటే ముందు పూసే చిన్న పసుప్పచ్చ పువ్వు పేరది. పేరు పండక్కి ఎవరినీ పిలవరు. వచ్చేవాళ్ళు పిలవకుండానే వస్తారు, ఇంటివాళ్ళు బల్ల సర్దుకుని ఎదురుచూస్తారు. కిందటేడు ఇగ్లిక చేపలు వేయించి, మంచి గౌను వేసుకుని కూర్చునేసరికి, ఎవ్లోగి ఆ చేపలకి తోడు ఇంకో నాలుగు పడదామని గాలం పుచ్చుకుని డాన్యూబ్ ఒడ్డుకి పోయాడు. పండగ సంగతి సాయంత్రం గుర్తొచ్చింది. పరుగెత్తుకెళ్తే ఊళ్ళో పూలకొట్లన్నీ ఊడ్చిపెట్టినట్టున్నాయి. ఒక కొట్లో మూలగా ఒక కాక్టస్ కుండీ మిగిలింది. అదే తెచ్చాడు. ఇగ్లిక ఆ కాక్టస్‌ని చూసింది, మొగుణ్ణి చూసింది. "మీ ఇద్దరికీ నీళ్ళు నువ్వే పోసుకో" అని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఈ ఏడు ఆవిడ వార్నాలో ఉన్న అక్క వెలీకా దగ్గరికి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ గోధుమరంగు సంచీ చేత్తో పట్టుకుని గుమ్మంలో ఆగింది.

"ఆదివారం పొద్దున రైలుకి వస్తాను. బల్ల మీద తాజా పూలుంటే ఈ సంచీ విప్పుతాను. లేకపోతే విప్పను. సాయంత్రం వెనక్కి కూడా రైలుంది."

అరవకుండా చెప్పింది. ఇగ్లిక అరిస్తే ఎవ్లోగికి భయం లేదు, అలవాటైన వానలాంటిది. నెమ్మదిగా మాట్లాడిందంటేనే ఒళ్ళు చల్లబడుతుంది. అందుకని శనివారం దాకా ఆగే ధైర్యం ఆయనకి లేకపోయింది.

"పదకొండు తెల్ల తులిప్పులివ్వమ్మా. మొగ్గలు గట్టిగా ఉండాలి," అన్నాడు కొట్లో.

"ఎప్పటికండీ?"

"ఆదివారానికి."

"మరి శనివారం రాకపోయారా? అప్పటికి ఇవి ముసలివైపోతాయి."

"శనివారం మీ దగ్గర కాక్టస్ తప్ప ఏం మిగలదు. నాకు అనుభవం," అన్నాడు ఎవ్లోగి.

పదకొండే ఎందుకంటే, బతికున్న వాళ్ళకి బేసి, పోయిన వాళ్ళకి సరి. ఈ లెక్క మా వైపు పిల్లలకి ఎక్కాల కంటే ముందొస్తుంది. ఎవ్లోగి కొట్లో ఒకసారి, బయట ఒకసారి లెక్కపెట్టుకుని, పూలని కోటు లోపల దాచుకుని ఇల్లు చేరాడు. దాచుకున్నది ఎదురింటి దోన్కా మామ్మకి భయపడి. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, గడప దాటడం తక్కువ, కానీ ఆవిడ తలుపుకి కన్నమంత అద్దముంది, ఆ అద్దం వెనక ఆవిడ కన్నుంది. ఆవిడకి తెలిసిన సంగతి మధ్యాహ్నానికి ఫ్లాట్ల బ్లాకంతా, సాయంత్రానికి వార్నా దాకా చేరుతుంది. ఎవ్లోగి ఇగ్లికని ఆశ్చర్యపెట్టాలనుకున్నాడు. జన్మలో ఒక్కసారైనా.

ఇక పూలని ఆదివారం దాకా నిలబెట్టాలి. పార్కులో చదరంగం ఆడే మిత్రులని అడిగాడు. ఒకరు ఆస్పిరిన్ వెయ్యమన్నారు. ఒకరు చెంచాడు పంచదార అన్నారు. ఒకరు రాగి నాణెం అన్నారు. ఇంకొకాయన ఇంట్లో కాచిన రాకియా సారా రెండు చుక్కలు పూలకి పోసి మిగతాది తనకి పంపమన్నాడు. ఎవ్లోగి డాన్యూబ్ మీద సరుకు పడవలు లాగే స్టీమర్లలో ఇంజను మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. ఒక్క మందు పనిచేస్తే అన్ని మందులూ కలిసి ఇంకా బాగా పనిచెయ్యాలని ఆయన సిద్ధాంతం. అన్నీ వేసి, కలిపి, కూజాని వంటింట్లో ఆపిల్ పళ్ళ బుట్ట పక్కన పెట్టి పడుకున్నాడు.

పొద్దున లేచేసరికి ఒక తులిప్పు తల వేలాడేసింది. ముట్టుకుంటే రేకులన్నీ బుట్టలో రాలాయి. మిగిలిన పదీ కూడా అదోలా మత్తుగా ఉన్నాయి.

ఎవ్లోగి కుర్చీలో కూలబడ్డాడు. ఇగ్లిక ఏం చేసేదని ఆలోచించాడు. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఇంట్లో కూజాలో పూలు లేని రోజు లేదు. ఆవిడ పొద్దున్నే కూజా కడిగేది. కాడల చివర్లు నీళ్ళలో ముంచి ఏటవాలుగా కోసేది. నీళ్ళలో మునిగే ఆకులు తుంచేసేది. మెడలు వాలిన తులిప్పులకి పాత పేపరు బిగించి చుట్టి, రాత్రంతా చల్లటి నీళ్ళలో నిలబెట్టేది. ఆపిల్ పళ్ళ బుట్టని పూల దగ్గర్నుంచి ఎప్పుడూ అవతలకి జరుపుతుండేది. పళ్ళ గాలికి పూలు తొందరగా వాడతాయని తెలియక, ఆయన తినడానికి అందకుండా జరుపుతోందని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. రోజూ కళ్ళెదుటే చేసింది, ఒక్కనాడూ ఎందుకని అడగలేదు. ఆ మాట తోచగానే ఆయనకి సిగ్గేసింది.

ఆవిడ చేసినట్టే చేశాడు. మందులన్నీ పారబోశాడు. కూజాకి పట్టిన జిడ్డు వదలాలని బ్లీచింగు వేసి తోమాడు. తోమడంలో ఉత్సాహం ఎక్కువై, మెకానిక్ బుద్ధి పోనిచ్చుకోక, దాని మీద వెనిగర్ కూడా పోశాడు. వంటిల్లంతా ఘాటు లేచి కళ్ళు మండిపోయాయి. దగ్గుకుంటూ కిటికీలన్నీ తెరిచాడు. కళ్ళు మాత్రం రెండు రోజులు ఎర్రగానే ఉండిపోయాయి.

పూలు తేరుకున్నాయి. కానీ పది. ఒకటి తీసేస్తే తొమ్మిదవుతాయి, సరిపోతుంది. తీద్దామని కత్తెర పట్టుకున్నాడు గానీ చెయ్యి రాలేదు. నిక్షేపంలాంటి పువ్వుని పారెయ్యడమా? 'ఆదివారం లోపల ఎలాగూ ఇంకొకటి పోతుంది. పోయేది దానంతటదే పోతే తొమ్మిది మిగులుతాయి. ఇగ్లిక వచ్చేదాకా వీటిని చూసేదెవరు?' అనుకున్నాడు. లెక్కలో తప్పేం లేదు. అయితే పూలు చూసే పని చేతికి కుదిరిపోయిందని ఆయనకి అప్పటికి తెలియదు. ఆ తర్వాత ఒక్క పువ్వూ వాడలేదు.

ముందు హాల్లో పెట్టాడు. గోడ అద్దం మీంచి ఎండ తిరిగొచ్చి పూల మీద పడుతోందని అద్దానికి దుప్పటి కప్పాడు. అయినా లాభం లేదు. ఏప్రిల్ వచ్చినా బ్లాకులో ఇళ్ళని వెచ్చబెట్టే వేడి నీళ్ళ గొట్టాలు ఇంకా కాలుతూనే ఉన్నాయి. ఇల్లు రొట్టెల పొయ్యిలా ఉంది. చల్లగా ఉండేది మెట్ల దగ్గర, తమ తలుపు బయట కిటికీ కింద. అది పై అంతస్తు, అక్కడికి వచ్చేదెవరు? దోన్కా మామ్మ మధ్యాహ్నం పూట నిద్రపోతుందని చూసి, ఒక స్టూలు వేసి, దాని మీద పూలకూజా పెట్టాడు. మర్నాడు పూలకి పోసేలోగా తేరాలని పక్కన ఒక గ్లాసుడు నీళ్ళు పట్టి ఉంచాడు. మెట్ల గోడకున్న గొట్టం కూడా వెచ్చగానే తగిలింది. దానికి తాళం బ్లాకు సెక్రటరీ కాంచో దగ్గరుంటుంది.

కాంచో నోరు మంచిది, మనసు కూడా మంచిదే, కానీ ఏ పనికైనా సభ పెట్టందే తోచని మనిషి. పైకి వచ్చి, టోపీ సర్దుకుని, "ఏమిటన్నయ్యా కబురంపారు?" అన్నాడు.

"ఈ గొట్టం కట్టెయ్యి తమ్ముడూ. ఆదివారం దాకా ఇక్కడ చల్లగా ఉండాలి."

"ఆదివారం ఏమిటి?"

"ఇగ్లిక వస్తుంది. పొద్దున రైలుకి."

కాంచో చూపు స్టూలు మీద పడింది. పెదాలు కదిపాడు. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, పది. పోయినవాళ్ళ కోసం పెట్టినట్టు గ్లాసుడు నీళ్ళు. తెరిచిన తలుపులోంచి దుప్పటి కప్పిన అద్దం. చావింట్లో తప్ప ఎవరూ అద్దానికి ముసుగెయ్యరు. ఆపైన ఎవ్లోగి ఎర్రటి కళ్ళు. కాంచో టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"అలాగే అన్నయ్యా," అన్నాడు గొంతు తగ్గించి. "ఎవరికైనా చెప్పారా?"

"చెప్పేదేముంది? ఇలాంటి వాటికి వచ్చేవాళ్ళు పిలవకుండానే వస్తారుగా," అన్నాడు ఎవ్లోగి, పేరు పండుగని దృష్టిలో పెట్టుకుని.

కాంచో ఆయన భుజం గట్టిగా నొక్కి, గొట్టం కట్టేసి, లిఫ్టు ఎక్కకుండా మెట్ల మీంచే దిగాడు. గొట్టం కట్టడానికి ఇంత మర్యాద ఎందుకో ఎవ్లోగికి అర్థం కాలేదు. ఈ మనిషికి పదవి వచ్చాక మర్యాద పెరిగిందనుకున్నాడు.

దోన్కా మామ్మ ఆ పూట నిద్రపోలేదు. ఎవ్లోగి లోపలికి వెళ్ళగానే మెట్లు దిగుతున్న కాంచోని కేకేసింది. ఈ మాటలన్నీ ఎవ్లోగికి తర్వాత తెలిసినవే, అప్పుడు తెలిసుంటే ఈ కథే లేదు.

"పది," అంది మామ్మ. "మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ పదే."

"ఆకుల చాటున ఇంకొకటి ఉందేమో మామ్మా."

"పోయినవి నా మోకాళ్ళురా, కళ్ళు కాదు. అయ్యో తల్లీ, ఇగ్లికా! మొన్ననేగా నా జాడీ పట్టుకెళ్ళింది, ఆదివారం తెచ్చిస్తానంది."

"ఒక్కసారి ఇగ్లిక వదినకి ఫోన్ చేసి కనుక్కుంటే?"

"పోయిన మనిషికి ఫోనేమిట్రా, బుద్ధి ఉందా! ఎత్తితే ఏం చేస్తావు?"

"అన్నయ్యని అడిగితే?" అన్నాడు కాంచో.

"ఏడుస్తున్న మగాణ్ణి ఎందుకేడుస్తున్నావని అడుగుతారా ఎక్కడైనా? పాపం, ఎవరికీ చెప్పుకోకుండా తలుపు దగ్గర పూలు పెట్టుకున్నాడు. తెలివైన వాళ్ళకి ఆ మాత్రం చాలు."

ఆ సాయంత్రం దోన్కా మామ్మ మోకాళ్ళ నొప్పిని లెక్కచెయ్యకుండా సూపు గిన్నె పట్టుకుని వచ్చింది. తలుపు తియ్యగానే ఎవ్లోగిని కావలించుకుని, "తిను నాయనా, నువ్వు తినాలి," అని వీపు రాసి వెళ్ళిపోయింది. మర్నాడు మూడో అంతస్తు వాళ్ళు మిరపకాయల కూర తెచ్చారు, ఆ తర్వాత ఇంకెవరో పెరుగు తెచ్చారు. అందరూ అదే పద్ధతి, తలుపు దగ్గరే చెయ్యి నొక్కడం, కళ్ళు దించుకోవడం. పెళ్ళాం ఊళ్ళో లేని మొగుడి వంట మీద బ్లాకంతా ఇంత నమ్మకం లేకుండా ఉందా అని ఎవ్లోగికి కొంచెం కష్టమేసింది. అయినా కూర బాగుంది. తిన్నాడు.

పూల పని మాత్రం ఒక్క పూట మానలేదు. పొద్దున్నే కూజా కడగడం, కాడలు కొయ్యడం, నీళ్ళు మార్చడం. తులిప్పులు వెలుతురు వైపు మెడ తిప్పుతాయని గంటకోసారి బయటికొచ్చి కూజాని కొంచెం తిప్పేవాడు. రాత్రి పేపరు చుట్టేవాడు. తిప్పుతూ ఒక్కోసారి వాటితో మాట్లాడేవాడు కూడా. "ఇంకొక్క రోజు, నా తల్లులూ. వచ్చేదాకా పడిపోకండి," అనేవాడు. తలుపు అద్దం వెనక దోన్కా మామ్మ తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకునేది.

ఆదివారం పొద్దున పేపరు విప్పితే పది మొగ్గలూ ఒక్కలా నిటారుగా నిలబడ్డాయి. ఎవ్లోగికి ఒకవంక గర్వం, ఒకవంక చిక్కు. ఇప్పుడు చేతులారా ఒకదాన్ని పారెయ్యాలి. కత్తెర ఎత్తాడు, దించాడు. దీన్నా? ఇది అన్నిటికంటే తెల్లగా ఉంది. దాన్నా? దానికి మొదటి రోజు మెడ వాలితే రెండు రాత్రులు చాకిరీ చేశాడు. మూడోసారి కత్తెర ఎత్తేసరికి గడియారం కళ్ళబడింది. రైలు వేళైపోతోంది. వచ్చాక చూద్దాంలే అని కూజాని బల్ల మధ్యలో పెట్టి కోటు తొడుక్కున్నాడు.

గుమ్మంలో కాంచో, వెనక దోన్కా మామ్మ, ఇంకా నలుగురైదుగురు.

"తాళం ఇచ్చి వెళ్ళండన్నయ్యా. మీరొచ్చేలోగా మేం అన్నీ చూసుకుంటాం. బల్ల సర్దుతాం," అన్నాడు కాంచో.

ఎవ్లోగి అందరి మొహాలూ చూశాడు. ఇంతమందికి ఇగ్లిక పేరు పండుగ గుర్తుంది! కిందటేడు తనకే గుర్తులేదు. "మీ రుణం తీర్చుకోలేను," అని తాళం చేతిలో పెట్టి లిఫ్టులోకి పరుగెత్తాడు.

ఆయన కళ్ళబడి బాధపెట్టకూడదని అప్పటిదాకా ఆపిన పనులన్నీ అప్పుడు మొదలయ్యాయి. మా దగ్గర మనిషి పోతే ఫొటోతో సంతాప ప్రకటన అచ్చువేసి వీధి తలుపుకి అంటిస్తాం. కాంచో రాత్రే రాసి అచ్చువేయించాడు. ఫొటో దొరక్క, కొత్త సంవత్సరం విందులో తీసిన దాంట్లోంచి ఇగ్లికని కత్తిరించాడు. తల మీద కాగితం కిరీటం సగమే పోయింది. ఒకటి బ్లాకు తలుపుకి, ఒకటి బస్‌స్టాపుకి, ఒకటి రొట్టెల కొట్టు తలుపుకి అంటించాడు. పైన దోన్కా మామ్మ పోయినవాళ్ళ పేరు మీద పంచే కొలీవా, అంటే ఉడికించిన గోధుమల్లో పంచదార, అక్రోట్లు కలిపి, పళ్ళెం నిండా సర్దింది. కొవ్వొత్తులు వెలిగించారు. జనం నల్లబట్టల్లో రావడం మొదలైంది. తలో రెండు, తలో నాలుగు పూలు తెచ్చారు. ఎవ్లోగి కూజా చాలక బాల్చీలు తీశారు.

వార్నా రైలు వచ్చింది. ఎవ్లోగి ప్లాట్‌ఫారం మీద మొదట్నుంచి చివరిదాకా నడిచాడు, చివర్నుంచి మొదటిదాకా నడిచాడు. ప్రతి పెట్టెలోకీ తొంగిచూశాడు. దిగేవాళ్ళంతా దిగిపోయారు. ఊడ్చేవాళ్ళు ఎక్కారు. ఫోన్ చేస్తే ఆగిపోయి ఉంది. ఇగ్లిక రాలేదు.

రాలేదంటే రాదనే. ఆవిడ నెమ్మదిగా మాట్లాడినప్పుడే తెలుసు. బల్ల మీద పూలున్నాయో లేవో చూడ్డానిక్కూడా ఆవిడకి ఓపిక లేకపోయింది. ఎవ్లోగి బస్సెక్కలేదు. నడిచాడు. నడుస్తుంటే ముక్కు కారింది, కళ్ళు కారాయి, ఈసారి బ్లీచింగు లేకుండానే.

బ్లాకు వీధి తలుపుని వచ్చేపోయేవాళ్ళ కోసం బార్లా తెరిచి గోడకి ఆనించేశారు. దాని మీద అంటించిన ప్రకటన గోడ వైపు ఉండిపోయింది. ఎవ్లోగి దాన్ని చూడలేదు. పైకి వెళ్తే ఇంటినిండా జనం, పక్కకి తప్పుకుని దారిచ్చారు. కొవ్వొత్తుల వాసన. నల్లబట్టలు. దోన్కా మామ్మ వచ్చి మెడ పట్టుకుని భోరుమంది.

"ధైర్యం తెచ్చుకో నాయనా. మాకంతా తెలుసు."

"మీకెలా తెలిసింది మామ్మా?"

"నీ పూలు చూశాంగా."

ఎవ్లోగి తలూపాడు. పూల మీద తను పడ్డ పాట్లు చూసి, ఇగ్లిక తనని వదిలేసిందని జనం పసిగట్టేశారన్నమాట. దాచుకోవడానికి ఇంకేముంది? "రైలంతా వెతికాను," అన్నాడు. "లేదు. ఇంక రాదు."

కాంచో కంగారుపడ్డాడు. "రైల్లో లేకపోవడమేమిటి? పొరపాటున వేరే ఊరు పంపేశారేమో! మీరు దిగులుపడకండన్నయ్యా, రశీదు ఉంటుందిగా, నేను స్టేషన్ మాస్టర్‌తో మాట్లాడతాను."

"ఎవరితో మాట్లాడి ఏం లాభం తమ్ముడూ. తప్పు నాది," అన్నాడు ఎవ్లోగి. బల్ల దగ్గరికొచ్చి తన పది తులిప్పుల ముందు నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద గోధుమరంగు సంచీతో ఒకావిడ వచ్చి జనం వెనక నిలబడింది. ఇగ్లిక పొద్దున రైలెక్కలేదు. మొగుడు ఏం చేస్తున్నాడో ముందే వచ్చి పట్టుకుందామని తెల్లవారుజాము బస్సెక్కింది. ఆ బస్సు దారిలో ఆగిపోయి రైలు కంటే ఆలస్యంగా చేర్చింది. ఫోన్లో చార్జింగు కూడా దారిలోనే అయిపోయింది. తన ఇంటి గుమ్మంలో ఇన్ని నల్లకోట్లు చూసి ఆవిడ సంచీ గట్టిగా పట్టుకుంది. ముందు మొగుడే గుర్తొచ్చాడు. ఇంతలో లోపల్నుంచి ఆయన గొంతు వినపడి ప్రాణం లేచొచ్చింది. ముందున్నాయన కోటు పట్టుకుని లాగింది.

"ఎవరండీ పోయింది?"

ఆయన వెనక్కి తిరగలేదు. "ఇగ్లిక. మంచి మనిషి, పాపం."

"ఏ ఇగ్లిక?"

"ఈ ఇంటావిడేనమ్మా. ష్, ఆయన మాట్లాడుతున్నాడు, విననివ్వండి."

ఇగ్లిక సంచీ కింద పెట్టి విన్నది.

"నేను ముప్ఫై ఏళ్ళు ఈ ఇంట్లో పూలు చూశాను," అంటున్నాడు ఎవ్లోగి. "అవి వాటంతటవే తాజాగా ఉంటాయనుకున్నాను. రోజూ పొద్దున్నే ఎవరో లేచి, కూజా కడిగి, కాడలు కోసి, నీళ్ళు మారిస్తే అవి అలా ఉంటాయని ఈ వారమే తెలిసింది. అన్నం కూడా అంతే. నా చొక్కాలూ అంతే. నేనూ అంతే. నాలుగు రోజులు పది పూలని చూసేసరికి నా నడుం పడిపోయింది. ఆవిడ నన్ను ముప్ఫై ఏళ్ళు చూసింది. నేను ఆవిడ పండక్కి చేపలు పట్టడానికి పోయాను. ఈ మాటలు ఆవిడతో ఒక్కసారి చెప్పుంటే..."

ఇల్లంతా ముక్కులు చీదుకుంది. కాంచో తన ఉపన్యాసం కాగితంతోనే కళ్ళు తుడుచుకున్నాడు.

"కాక్టస్ సంగతి చెప్పలేదేం?" అంది వెనక నుంచి ఒక గొంతు, నెమ్మదిగా.

అందరూ తిరిగారు. దోన్కా మామ్మ పెట్టిన కేకకి కొవ్వొత్తులు రెండు ఆరిపోయాయి. కాంచో కుర్చీ ఎక్కాడు. గుమ్మంలో ఇగ్లికని 'ష్' అన్నాయన, తను ఎవరిని 'ష్' అన్నాడో చూసి అక్కడే చతికిలబడ్డాడు. అందరూ శిలువ గుర్తు వేసుకుంటుంటే ఒక్క ఎవ్లోగి మాత్రం భయపడలేదు. ఆవిడ పోయిందని ఆ ఇంట్లో తెలియనివాడు ఆయనొక్కడే.

"వచ్చావా!" అని ఎదురెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాడు. మొహం వెలిగిపోతోంది. "వచ్చింది, చూశారా? వచ్చింది!"

"దుఃఖంతో మతి పోయింది నాయనకి," అంది దోన్కా మామ్మ, పళ్ళెం అడ్డం పెట్టుకుని. "దాన్ని ముట్టుకోకురా!"

"ముట్టుకుంటే ఏమవుతుంది మామ్మా? నీ జాడీ కూడా తెచ్చాను, వెలీకా అక్క అందులో జామ్ పోసిచ్చింది," అంది ఇగ్లిక. దయ్యం జాడీ తిరిగిస్తుందని ఎవరూ ఎప్పుడూ వినలేదు. మామ్మ కళ్ళు చికిలించి చూసి, పళ్ళెం కొంచెం దించింది.

"మరి పది పూలు!" అంది. "నా కళ్ళతో మూడుసార్లు లెక్కపెట్టాను!"

ఇగ్లిక బల్ల వైపు చూసింది. ఆవిడ పెదాలు కూడా కదిలాయి. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "నా పండక్కి పది పూలు పెట్టావా?"

"పదకొండే తెచ్చాను," అన్నాడు ఎవ్లోగి, చెమటలు తుడుచుకుంటూ. "ఒకటి పోయింది. ఇంకొకటి పోతే తొమ్మిదవుతాయని రోజూ ఎదురుచూశాను. ఏం చెయ్యను, ఒక్కటీ పోలేదు."

ఇగ్లిక దగ్గరికి వెళ్ళి చూసింది. కాడల కోత చూసింది. నీళ్ళు చూసింది. ఒక తులిప్పు గడ్డం కింద వేలు పెట్టి ఎత్తింది. బుధవారం కొన్న మొగ్గ ఆదివారానికి అప్పుడే కళ్ళు తెరుస్తోంది. బల్ల చుట్టూ బాల్చీల నిండా పూలు, ఎన్ని లెక్కపెట్టినా అన్నీ జతలే.

"ఇన్ని సరి లెక్కలు ఒక్కసారి సరిచెయ్యాలంటే పెద్ద పనేం కాదు," అంది చివరికి.

గుమ్మం దగ్గరికి వెళ్ళి సంచీ తెచ్చి, నేల మీద పెట్టి, విప్పింది. బట్టల మీద తడి పేపరులో చుట్టిన పొట్లం ఉంది. అందులో అక్క పెరట్లో పూసిన పసుప్పచ్చ పువ్వు ఒకటి, ఆవిడ పేరుదే, చిటికెన వేలంత కాడతో. దాన్ని తెచ్చి తెల్ల తులిప్పుల మధ్య గుచ్చింది. "పదకొండు. మిగతావన్నీ దీంతో కలిపి లెక్కపెట్టుకోండి. మొత్తం బేసి," అంది.

అందరూ పువ్వు వైపు చూశారు. ఎవ్లోగి చూడలేదు. ఆయన నేల మీద విప్పి ఉన్న సంచీ వైపు చూస్తున్నాడు. అందులోంచి ఆవిడ చెప్పులు, నైటీ, దువ్వెన కనబడుతున్నాయి. వాటికంటే అందమైన వస్తువులు ఆయన ఈమధ్య చూడలేదు.

ఇక వచ్చిన జనం వెళ్ళలేరు, ఉండలేరు. ఇగ్లికే కుర్చీ లాక్కుని కూర్చుంది. "పేరు పండక్కి ఇంతమంది ఎప్పుడూ రాలేదు. కూర్చోండి. ఆ పళ్ళెంలో ఏమిటి మామ్మా, నాదేనా?" అని చెంచా తీసుకుని తన కొలీవా తనే రుచి చూసింది. "పంచదార కాస్త తగ్గింది."

"తొందరలో చేశానే అమ్మా," అంది దోన్కా మామ్మ, నొచ్చుకుంటూ.

"నువ్వు చదవబోయేదేదో చదువు కాంచో. నా గురించేగా? మళ్ళీ వినే అవకాశం నాకు ఉంటుందో ఉండదో."

కాంచో కుర్చీ దిగి, తడిసిన కాగితం విప్పి, గొంతు సవరించుకున్నాడు. "ఇగ్లిక వదిన ఎంతో దయ గల మనిషిగా ఉండేది... ఉంది. అందరి కష్టసుఖాల్లోనూ పాలుపంచుకునేది... పంచుకుంటోంది. ఆమె లేని లోటు..." ఇక్కడ ఆగి, అటూ ఇటూ చూసి, "...ఈ వారమంతా బాగా తెలిసింది," అని ముగించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అన్నిటికంటే గట్టిగా కొట్టింది ఎవ్లోగి.

సాయంత్రం కాంచో బ్లాకు తలుపు మీది ప్రకటనా, బస్‌స్టాపులోదీ తీసేశాడు. రొట్టెల కొట్టుది మాత్రం మర్చిపోయాడు, అందుకని ఆ వారమంతా ఇగ్లికకి అక్కడ క్యూలో నిలబడాల్సిన అవసరం రాలేదు.